నాలుగు గజాల జాగాలో పూలచెట్టు

ఇల్లు కట్టించుకునేటప్పుడు మనం వంటగట్టు ఎంత ఎత్తుండాలి, దేవుడి గూడు ఏ మూలకు రావాలి, బీరువా ఏ గోడకు పట్టాలి అని మేస్త్రీతో రోజూ వాదిస్తాం. గేటు పక్కన మిగిలే ఆ నాలుగు గజాల మట్టినేల సంగతి మాత్రం గృహప్రవేశం అయ్యేదాకా ఎవరికీ గుర్తు రాదు. తీరా గుర్తొచ్చాక, ఎవరో ఇచ్చారనో, వీధిలో వుచితంగా పంచారనో ఒక మొక్క తెచ్చి నాటేస్తాం. నాటిన రోజున అది మోచెయ్యంత వుంటుంది. పదేళ్ళకు ఎంతవుతుందో మనం అడగం, ఇచ్చినవారు చెప్పరు.

మా కాలనీలో ఒకావిడ ఎంతో ముచ్చటపడి ప్రహరీకి నాలుగడుగుల దూరంలో తురాయి మొక్క నాటుకున్నారు. గుల్‌మొహర్ అంటారే, అదే. మే నెలలో చెట్టంతా ఎర్రగా మండిపోతూ వుంటే చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు, నిజమే. కాని అది మడగాస్కర్ దీవి నుంచి వచ్చిన పెద్ద చెట్టు. ముప్ఫై, నలభై అడుగుల ఎత్తు పెరుగుతుంది, గొడుగు విప్పినట్టు పక్కలకు విస్తరిస్తుంది. వేళ్ళు లోతుకు దిగకుండా పైపైనే పాకుతాయి. గాలివాన వస్తే కొమ్మలు ఫెళ్ళున విరుగుతాయి. ఆవిడ చెట్టు తొమ్మిదో ఏట గచ్చును పైకి లేపింది, పదో ఏట ప్రహరీ పగిలింది. ఒక ఆదివారంనాడు మనుషుల్ని పిలిపించి కొట్టించేశారు. పదేళ్ళు పెంచినదాన్ని కూలదొయ్యడానికి పూటయినా పట్టలేదు. ఆవిడ రెండు రోజులు వీధి వాకిట్లోకి రాలేకపోయారు.

చెట్టు కొట్టించడమంటే మనసుకు కష్టం సరే, అది చట్టంతో కూడా పని. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం, అదే వాల్టా చట్టం, మన ఆవరణలోని చెట్టయినా సరే అనుమతి లేకుండా కొట్టడానికి ఒప్పుకోదు. కొన్ని రకాలకు మినహాయింపు వుంది గాని, అన్నిటికీ లేదు. అంచేత కొట్టేటప్పుడు పడే బాధ నాటేటప్పుడే పడటం మేలు. తురాయి తప్పు చెట్టు కాదండీ. బడి ఆవరణలోనో, వెడల్పాటి రోడ్డు పక్కనో అది రాణి. మన గేటు పక్కన మాత్రం దానికి చోటు చాలదు. పొగడ, సంపెంగ, రేల, ఏడాకుల అరటి కూడా ఇంతే. పూలు మంచివే, మొక్కగా వున్నప్పుడు బుద్ధిగానే వుంటాయి. తరువాత మన ఇంటికంటే ఎత్తవుతాయి.

మరి మనకు కావలసిందేమిటి? పది పదిహేను అడుగుల దగ్గర ఆగేది. మనిషి కింద నుంచి నడవగలిగేంత ఎత్తు, కరెంటు తీగలకు తగలనంత పొట్టి. కొమ్మలు ఎనిమిది పది అడుగుల మేర కమ్ముకుంటే చాలు. ఏటా నమ్మకంగా పూయాలి. ఇటువంటివి మనకు తెలిసినవే నాలుగైదు వున్నాయి. అందులో నా ఓటు ముందుగా పారిజాతానికి.

పారిజాతం మల్లె కుటుంబానికి చెందిన చెట్టు. ఆకు గరుకుగా, గరుకు కాగితం రాసినట్టుంటుంది. లేత కొమ్మను వేళ్ళ మధ్య తిప్పి చూస్తే గుండ్రంగా కాక నాలుగు పలకలుగా తగులుతుంది. నర్సరీలో పువ్వు లేని మొక్కను గుర్తుపట్టడానికి ఇదొక ఉపాయం. పువ్వు సంగతి చెప్పనక్కరలేదు. తెల్లని రేకులు, నారింజ రంగు కాడ. సాయంత్రం చీకటి పడుతుండగా విచ్చుకుంటుంది, తెల్లవారేసరికి నేలమీద వుంటుంది. ఈ లక్షణం చూసే కాబోలు, 1753లో లిన్నేయస్ అనే వృక్షశాస్త్రవేత్త తన గ్రంథంలో దీనికి ‘విషాద వృక్షం’ అన్న అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టాడు. మనవాళ్ళకు ఇందులో విషాదమేమీ కనిపించలేదు. నేలరాలిన పువ్వు పూజకు పనికిరాదన్న నియమాన్ని పారిజాతం విషయంలో సడలించి, రాలినవాటినే ఏరి దేవుడికి పెట్టారు. కార్తీకమాసంలో లక్ష పూలతో పూజ చేస్తామని మొక్కుకున్నవాళ్ళు పళ్ళెం ముందేసుకుని నూరు నూరు చొప్పున కుప్పలు పెట్టడం మీలో చాలామంది చూసే వుంటారు.

కాడలను పారెయ్యకండి. ఎండబెట్టి నీళ్ళలో మరిగిస్తే కాషాయం రంగు దిగుతుంది. పూర్వం పట్టుబట్టలకు ఈ రంగు వేసేవారు. నిలకడైన రంగు కాదు, ఎండకు వెలుస్తుంది. పిల్లల చేతిరుమాళ్ళకు సరదాగా వేసి చూడవచ్చు.

ఒక అనుమానం ముందే తీర్చేస్తాను. ‘పారిజాతం వుంటే పాములొస్తాయటగా వదినగారూ?’ అని పక్కింటివారు తప్పక అడుగుతారు. పాము పూలవాసన కోసం రాదు. ఎలుక కోసం, కప్ప కోసం వస్తుంది. చెట్టు మొదట్లో ఇటుకలు, పాత రేకులు, కొబ్బరి మట్టలు పోగేస్తే అక్కడ ఎలుకలు చేరతాయి, వాటివెంట పాము వస్తుంది. అప్పుడు అక్కడున్నది ముళ్ళచెట్టయినా వస్తుంది. చెట్టు కింద శుభ్రంగా తుడుచుకోండి, ఎలాగూ పూలకోసం తుడవాలి గదా.

ఇక ఎక్కడ నాటాలి అన్నది. సత్యభామ పెరట్లో చెట్టు, రుక్మిణి ముంగిట పూలు అన్న కథ మనందరికీ తెలుసు. నంది తిమ్మన కావ్యం చదవకపోయినా ఈ ముక్క తెలియని ఆడవాళ్ళు లేరు. గోడకు ఆనించి నాటినవారందరికీ ఇదే జరుగుతుంది, ఇందులో కృష్ణుడి లీల ఏమీ లేదు. కొమ్మ ఎండ వున్నవైపుకు వాలుతుంది, వాలినచోట పూలు రాలుతాయి. అంచేత ప్రహరీకి కనీసం ఆరడుగులు, ఇంటి గోడకు ఎనిమిదడుగులు ఎడం వుంచండి. సెప్టిక్ ట్యాంకుకు, మురుగునీటి గొట్టానికి ఎంత దూరమైతే అంత మంచిది. రోజుకు అయిదారు గంటలు ఎండ తగలాలి. నీడలో నాటితే సన్నగా పైకి సాగుతుందే తప్ప గుబురు కట్టదు, పూలూ తక్కువే.

గొయ్యి వేసవిలోనే, మే నెలలో తవ్వించండి. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు. కొత్త ఇళ్ళలో ఇక్కడే తిరకాసు వుంది. పైన నాలుగంగుళాలు మంచి ఎర్రమట్టి పరిచి వుంటుంది, దాని కింద ఇటుకముక్కలు, సున్నం, సిమెంటు పెళ్ళలు. మొక్క రెండేళ్ళు ఎదగక బక్కచిక్కి వుందంటే, చాలాచోట్ల కారణం ఈ చెత్తే. గోతిలో వచ్చినదంతా బైట పారబోయించి, వేరే మట్టి తెప్పించండి. హైదరాబాదులాంటి చోట్ల అడుగడుగునా మొరం, బండ తగులుతుంది. అక్కడ రెండడుగులు చాలదు, మూడడుగుల గొయ్యి కావాలి. నల్లరేగడి నేల అయితే సమస్య వేరు. వానాకాలంలో నీళ్ళు నిలిచి వేళ్ళు కుళ్ళుతాయి. ఆ మట్టిలో మూడోవంతు ఇసుక కలిపి, మొక్కను చుట్టూ వున్న నేలకంటే అరడుగు మిట్టమీద నాటాలి.

తవ్విన గోతిని పదిహేను రోజులు ఎండకు వదిలెయ్యండి. తరువాత రెండు పాళ్ళు మట్టికి ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, చెదల భయం వుంటే ఒక కిలో వేపపిండి కలిపి నింపండి. మాగిన ఎరువంటే వాసన రానిది, చేతిలో పొడిపొడిగా రాలేది. పచ్చిపేడ వేస్తే వేడికి వేళ్ళు మాడతాయి, చెదలూ పడతాయి. తొలకరి పడ్డాక, జూన్ ఆఖర్లోనో జులైలోనో నాటండి. నాటేది సాయంత్రం పూట. ప్లాస్టిక్ సంచిని కోసి తీసెయ్యండి. ‘అదే చిరిగిపోతుందిలెండి’ అని తోటమాలి అంటాడు, చిరగదు. సంచిలోపల వేళ్ళు చుట్టలు చుట్టుకుని వుంటే వాటిని మెల్లగా విడదీయాలి. అలాగే వదిలేస్తే పెద్దయ్యాక కూడా ఆ ఉరి వీడదు, ఏ గాలివానకో చెట్టు ఒరిగిపోతుంది.

నీళ్ళ విషయం కాస్త వివరంగా చెప్పాలి. సాయంత్రం గొట్టం పట్టుకుని అన్నిటిమీదా చిలకరించినట్టు చెట్టుకు కూడా చిలకరిస్తాం. పైన అంగుళం మట్టి తడుస్తుంది, వేళ్ళు ఆ తడికోసం పైకే వస్తాయి. గచ్చు పగలడానికి సగం కారణం ఇదే. రోజూ చెంబెడు పొయ్యడంకంటే వారానికి రెండుసార్లు రెండేసి బిందెలు నింపాదిగా పొయ్యడం మంచిది. నీరు లోతుకు దిగితే వేరూ లోతుకు దిగుతుంది. పాదు మొదలుకు ఆనుకుని కాకుండా కాస్త ఎడంగా చెయ్యాలి. చెట్టు పెరిగేకొద్దీ పాదును వెడల్పు చేసుకుంటూ పోవాలి, ఎందుకంటే నీళ్ళు తాగే సన్నవేళ్ళు మొదట్లో వుండవు, కొమ్మల చివరలు ఎంతవరకు వస్తాయో ఆ మేరకు వుంటాయి. పాదులో ఎండుటాకులు నాలుగంగుళాల మందాన పరిస్తే మే నెలలో కూడా తడి ఆరదు. మొదటి రెండు వేసవులు ఇలా చూసుకుంటే చాలు, మూడో ఏటినుంచి అది మనల్ని పెద్దగా అడగదు.

బియ్యం కడిగిన నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు నిరభ్యంతరంగా పొయ్యవచ్చు. సబ్బునీళ్ళు, ముఖ్యంగా బట్టలుతికిన పౌడరు నీళ్ళు వద్దు.

మరొక మాట. చెట్టు చుట్టూ మొదలుదాకా సిమెంటు చేయించి, పైన రంగు వేయించడం ఒక ఫ్యాషనయింది. ముగ్గుకు నున్నగా వుంటుందని మనకూ సంబరమే. వేళ్ళకు గాలి, నీరు రెండూ అందాలి. కనీసం మూడడుగుల చదరం మట్టిని చెట్టుకు వదిలెయ్యండి. ముగ్గు దాని ఇవతల వేసుకోవచ్చు.

పారిజాతాన్ని దాని మానాన వదిలేస్తే మొదట్లోంచి పది పిలకలు లేచి పొదలా తయారవుతుంది. చెట్టులా రావాలంటే నిటారుగా, బలంగా వున్న ఒక్కదాన్ని వుంచుకుని మిగతావి తీసెయ్యాలి. మూడింటిని వుంచి గుత్తిగా పెంచినా అందమే. ఆసరాకు ఒక కర్ర పాతి, పాత నూలుచీర పీలికతో వదులుగా కట్టండి. పురికొస కడితే బెరడును కోస్తుంది. కిందికొమ్మల్ని ఒక్కసారే నరకవద్దు. ఆ కొమ్మల ఆకులే కాండాన్ని లావెక్కిస్తాయి. ఏడాదికి ఒకటీ రెండూ చొప్పున మూడేళ్ళలో అయిదడుగుల ఎత్తుదాకా శుభ్రం చేసుకుంటే, కింద నిలబడటానికి చోటు వస్తుంది.

కత్తిరింపు మాత్రం నెల చూసి చెయ్యాలి. పారిజాతం ఆ ఏడు కొత్తగా వచ్చిన కొమ్మల చివర పూస్తుంది. వానాకాలం చివర్లో మొదలై డిసెంబరుదాకా పూత వుంటుంది. తరువాత బిళ్ళల్లాంటి చదునైన కాయలు కడుతుంది, ఒక్కొక్కదానిలో రెండు గింజలు. పూత అయిపోయి, కొత్త చిగురు రాకముందు, అంటే ఫిబ్రవరి, మార్చిలో కొమ్మల్ని మూడోవంతు మేర కత్తిరించండి. కొత్త కొమ్మలు ఎక్కువొస్తే పూలూ ఎక్కువే. దసరా వస్తోంది, ఇల్లు శుభ్రం చేద్దామని ఆగస్టు, సెప్టెంబరుల్లో కత్తెర పట్టారో, ఆ ఏడు పూలన్నిటినీ మీ చేత్తో మీరే కత్తిరించినట్టు. కరెంటు తీగలకోసం కొమ్మలు కొట్టేవారికి ఈ నెలల పట్టింపు వుండదు గనుక, వాళ్ళకు పని లేకుండా మనమే ముందు జాగ్రత్తపడాలి.

వేసవిలో కొంత ఆకు రాలుస్తుంది. చచ్చిపోయిందేమో అని కంగారుపడి బిందెలకొద్దీ నీళ్ళు గుమ్మరించకండి. వానకు మళ్ళీ చిగురిస్తుంది. గొంగళిపురుగులు పడితే, అవి కొద్దిగా వున్నప్పుడే ఆ కొమ్మను తుంచి పారెయ్యడం సులువు. ఎక్కువైతే లీటరు నీళ్ళకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీరు కలిపి సాయంత్రం పూట చల్లండి.

ఒక తమాషా సంగతి. ఉత్తరప్రదేశ్‌లో బారాబంకీ జిల్లా కింతూరు అనే వూళ్ళో ‘పారిజాతం’ అని జనం పూజించే బ్రహ్మాండమైన చెట్టొకటి వుంది. అది ఈ పారిజాతం కాదు, ఆఫ్రికానుంచి వచ్చిన బావోబాబ్ జాతి చెట్టు. యాత్రకు వెళ్ళి దాన్ని చూసొచ్చి ‘అంత మాను గేటు పక్కనా?’ అని మీవారు భయపడితే ఈ ముక్క చెప్పండి.

రాత్రి పూసి పొద్దున్నే రాలిపోయే పువ్వు ఏం చూస్తాం, పగలంతా కనిపించాలి అనేవారికి దేవకాంచనం వుంది. దీని ఆకు మధ్యలో చీలి రెండు రెక్కలు అతికించినట్టుంటుంది. రాత్రికి ఆ రెండు రెక్కలూ మూసుకుంటాయి. బావిన్ సోదరులని ఇద్దరు వృక్షశాస్త్రవేత్తలుండేవారు. ఈ జంట ఆకుకు తగ్గట్టే ఆ అన్నదమ్ముల పేరు దీనికి వచ్చింది.

కాంచనాల్లో రకాలున్నాయి, కొనేటప్పుడు తెలుసుకోకపోతే చిక్కే. ఒకటి చలికాలం చివర్లో ఆకురాల్చి, ఫిబ్రవరినుంచి ఏప్రిల్‌దాకా ఆకులేని కొమ్మలనిండా పూస్తుంది. రేకులు వెడల్పుగా ఒకదానిమీద ఒకటి ఎక్కివుంటాయి, ఒక రేకుమీద ముదురు చారలుంటాయి. పువ్వులో అయిదు కేసరాలు. ఉత్తరాదివారు కచ్‌నార్ అని దీని మొగ్గల్నే కూర వండుకుంటారు. రెండోది వానలు వెనకపట్టాక సెప్టెంబరునుంచి పూస్తుంది. దాని రేకులు సన్నగా, విడివిడిగా వుంటాయి, కేసరాలు మూడే. ఈ రెండూ ముప్ఫై అడుగులదాకా పోగలవు గనుక, ఏటా పూత కాగానే కత్తిరించే ఓపిక వుంటేనే గేటు పక్కన పెట్టుకోండి. ఓపిక లేనివారికి తెల్లకాంచనం వుంది. ఆరు నుంచి పదడుగులు మించదు, వేసవిలో, వానల్లో విరామమిస్తూ పూస్తూనే వుంటుంది. పసుపుపచ్చ పూల రకం కూడా చిన్నదే. అన్నీ గింజలతోనే వస్తాయి. గింజను రాత్రంతా నీళ్ళలో నానేసి నాటితే చాలు. ఎండిన కాయలు మెలితిరిగి టప్పున పేలి గింజలు విసిరేస్తాయి. ఆ చప్పుడుకు మధ్యాహ్నం కునుకు చెడుతుంది, అంతకంటే వీటివల్ల నష్టం లేదు.

నీళ్ళకు కటకటలాడే వూళ్ళలో వున్నవారికి దేవగన్నేరు చెప్తాను. గుళ్ళ దగ్గర చూసి మన పురాణాలనాటిది అనుకుంటాం గాని, ఇది మెక్సికో ప్రాంతాలనుంచి వచ్చింది. అడుగున్నర కొమ్మ కోస్తే పాలు కారతాయి. ఆ పాలు కంటికి, ఒంటికి తగలకూడదు. కొమ్మను వారం పదిరోజులు నీడలో ఆరబెట్టి, కోసినచోట ఎండాక ఇసుక కలిపిన మట్టిలో గుచ్చండి. పచ్చిగా గుచ్చి రోజూ నీళ్ళు పోస్తే కుళ్ళిపోతుంది. ఆకు అడుగున నారింజరంగు పొడి కనబడితే అది తుప్పు తెగులు. అటువంటి ఆకులన్నీ ఏరి దూరంగా పారెయ్యండి, పాదులో మాత్రం వదలకండి.

పేరు కలిసింది గదా అని పచ్చగన్నేరును దీనితో జమకట్టవద్దు. పసుపుపచ్చగా గంటల్లాంటి పూలు, నున్నటి సన్నని ఆకు. చాలా ఇళ్ళ ప్రహరీల వెంట వుంటుంది, పశువులు ముట్టవని పెడతారు. పశువులు ఎందుకు ముట్టవో ఆలోచించాలి. చెట్టంతా విషమే, గింజ మరీను. అది నేరుగా గుండెమీద పనిచేస్తుంది. ఆ కాయలు పిల్లల చేతికి గోలీల్లా ఇంపుగా వుంటాయి. నడక నేర్చిన పిల్ల నుంచి బడికిపోయే పిల్లవాడిదాకా ఎవరున్న ఇంట్లోనైనా ఈ చెట్టు వద్దని గట్టిగా చెప్తాను. ఇప్పటికే వుంటే కాయలు కట్టకముందే పూతను తుంచెయ్యండి, వీలు చూసుకుని తీయించెయ్యండి. పొరపాటున పిల్లవాడు నోట్లో పెట్టుకుంటే చింతపండు నీళ్ళు, ఉప్పునీళ్ళు అంటూ ఇంటివైద్యం చేస్తూ కూర్చోవద్దు. ఆ కాయ ముక్కను వెంటబెట్టుకుని తక్షణం ఆసుపత్రికి పరుగెత్తాలి. మామూలు ఎర్రగన్నేరు కూడా విషమొక్కే, మరిచిపోవద్దు.

నేల బొత్తిగా లేని ఫ్లాటువాసులు నిరాశపడనక్కరలేదు. అడుగున్నర వెడల్పున్న కుండీలో తెల్లకాంచనం హాయిగా పూస్తుంది. పారిజాతం కూడా ఆరడుగుల మొక్కగా బతుకుతుంది. కాని కుండీలో వున్నదానికి నేలలోని దానిలా రెండేళ్ళ తరువాత సెలవు తీసుకోవడం కుదరదు, వేసవిలో రోజూ నీళ్ళు పొయ్యాలి. రెండేళ్ళకోసారి ఫిబ్రవరిలో బైటికి తీసి, అంచు వేళ్ళు కొంచెం కత్తిరించి, కొత్త మట్టి వెయ్యాలి. కుండీ నిండాక బరువు చాలా వుంటుంది గనుక, బాల్కనీ మధ్యలో కాకుండా గోడవారన పెట్టండి.

మొక్క కొనడానికి గోదావరి జిల్లాలో కడియం దాకా పోగలిగితే అక్కడ లేని రకం వుండదు. పోలేనివారు దగ్గర్లో వున్న నర్సరీలోనే అడగండి. మూడడుగుల మొక్క చాలు, ఆరడుగులది మోజుపడి కొంటే కుదురుకోవడానికే ఏడాది పడుతుంది. వానలు మొదలవగానే అందరూ ఎగబడతారు, అప్పుడు ఏది చేతికి వస్తే అది అంటగడతారు. కాంచనం కావాలంటే అది పూసే నెలలోనే వెళ్ళి, పువ్వును చూసి, కేసరాలు లెక్కపెట్టి, ఆ మొక్కకు మీ పేరు రాసిన చీటీ కట్టించి రండి. జూన్‌లో వెళ్ళి తెచ్చుకోవచ్చు.